డేటాబేసు పునరుద్ధరణ వేగం

డేటాబేసు పునరుద్ధరణ అనగా, ముందుగా తీసి భద్రపరచిన బ్యాకప్పు నుండి డేటాబేసును తిరిగి పనిచేసే స్థితికి తీసుకురావడం. డిస్కు చెడిపోయినప్పుడు, పొరపాటున పట్టికలు తొలగిపోయినప్పుడు, పాత సర్వరు నుండి కొత్త సర్వరుకు మారేటప్పుడు దీని అవసరం కలుగుతుంది. చిన్న డేటాబేసుకు ఇది నిమిషాల పని. పరిమాణం వందల గిగాబైట్లకు చేరినప్పుడు అదే పని గంటలు, ఒక్కొక్కసారి రోజులు పడుతుంది. ప్రమాదం జరిగిన సందర్భంలో అంతసేపూ ఆ డేటాబేసుపై ఆధారపడిన సేవ ఆగిపోయి ఉంటుంది. అందువలన పునరుద్ధరణను వేగవంతం చేయడం డేటాబేసు నిర్వాహకుల పనిలో ఒక ప్రధానాంశం.

ఈ ఆలస్యానికి కారణం ఫైలు పెద్దదిగా ఉండడమేనని చాలామంది భావిస్తారు. నిజానికి ఫైలును చదవడానికి పట్టే కాలం మొత్తంలో చిన్న భాగమే కావచ్చు. ఇండెక్సులను నిర్మించడం, ప్రతి మార్పునూ డిస్కుపై ఖాయపరచడం, సర్వరులో ఎన్ని ప్రాసెసర్లున్నా ఒక్కదానినే వాడుకోవడం అనేవి అసలు కారణాలు. ఇవి ఎంతగా బాధిస్తాయన్నది బ్యాకప్పును ఏ రూపంలో తీశారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. కనుక పునరుద్ధరణకు ఎంతసేపు పడుతుందో చాలావరకు బ్యాకప్పు తీసిన నాడే నిర్ణయమైపోతుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ముఖ్యంగా మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే రెండు డేటాబేసు సాఫ్టువేర్లకు సంబంధించినవి. సూత్రాలు మాత్రం మిగిలినవాటికి కూడా వర్తిస్తాయి.

బ్యాకప్పులలో రకాలు

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో వాడుకరికి కనిపించేవి పట్టికలు, వాటిలోని రికార్డులు మాత్రమే. అవి డిస్కు మీద ఏ విధంగా అమరి ఉన్నాయన్నది వాడుకరికి అక్కరలేని విషయం. బ్యాకప్పులలోని రెండు ముఖ్య రకాలకూ ఈ విభజనే ఆధారం.

తార్కిక బ్యాకప్పులో పట్టికల నిర్మాణం, వాటిలోని రికార్డులు ఆజ్ఞల రూపంలో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్, పీజీ డంప్ అనే ఉపకరణాలు తయారుచేసేవి ఈ రకానికి చెందినవే. ఫలానా ఫీల్డుపై ఇండెక్సు ఉండాలన్న ఆజ్ఞ మాత్రమే ఇందులో ఉంటుంది, ఇండెక్సు ఉండదు. దానిని పునరుద్ధరణ సమయంలో మళ్ళీ మొదటినుండి కట్టుకోవాలి. ఈ కారణం చేతనే తార్కిక బ్యాకప్పు ఫైలు అసలు డేటాబేసు కంటే తరచు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. చూసినవారికి అది లాభంగా తోస్తుంది గాని, మిగిలిన ఆ స్థలమంతా పునరుద్ధరణ రోజున చేయవలసిన పనిగా మారుతుంది.

భౌతిక బ్యాకప్పు అంటే డేటాబేసు తన సమాచారాన్ని దాచుకొనే ఫైళ్ళకు యథాతథమైన నకలు. ఇండెక్సులు కూడా అందులోనే ఉంటాయి. ఫైళ్ళను వాటి స్థానంలో ఉంచి, నకలు తీస్తున్నప్పుడు జరిగిన మార్పులను లావాదేవీల చిట్టా నుండి పూర్తిచేస్తే డేటాబేసు సిద్ధమవుతుంది. అయితే దీనిని సాధారణంగా అదే సాఫ్టువేరు యొక్క అదే ప్రధాన కూర్పుపై మాత్రమే పునరుద్ధరించగలము. ఒకే ఒక్క పట్టికను తిరిగి తెచ్చుకోవడం కూడా కష్టం. తార్కిక బ్యాకప్పుకు ఈ ఇబ్బందులు లేవు. కూర్పు మారినా, ఆపరేటింగు సిస్టం మారినా అది పనికివస్తుంది.

భౌతిక బ్యాకప్పు వేగాన్ని సులువుగా లెక్కించవచ్చు. 500 గిగాబైట్ల డేటాబేసును సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో నకలు చేస్తే 5,000 సెకన్లు, అంటే సుమారు 1 గంట 23 నిమిషాలు పడుతుంది. గిగాబిట్ నెట్‌వర్కుపై సెకనుకు 125 మెగాబైట్లకు మించి రావు కనుక, బ్యాకప్పు వేరొక సర్వరులో ఉంటే ఎంత మంచి డిస్కులున్నా 1 టెరాబైటు చేరడానికి 2 గంటల 13 నిమిషాల కంటే తక్కువ పట్టదు. తార్కిక బ్యాకప్పుకు ఇటువంటి సూటి లెక్క లేదు. కొన్ని గిగాబైట్ల డేటాబేసుకు అది చాలును. వందల గిగాబైట్లు దాటిన తరువాత దానిని ఒక్కదానినే నమ్ముకొని ఉండడం వివేకం కాదు.

కాలం ఎక్కడ ఖర్చవుతుంది

డిస్కుపై ఖాయపరచడం

ఒక లావాదేవీ పూర్తయిందని చెప్పేముందు డేటాబేసు దాని వివరాలను చిట్టాలో రాసి, అవి నిజంగా డిస్కుకు చేరాయని రూఢి చేసుకుంటుంది. దీనినే కమిట్ అంటారు. కరెంటు పోయినా సమాచారం పోకుండా ఉండడానికి ఇది తప్పనిసరి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే సాధారణ హార్డుడిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కంట్రోలరులో బ్యాటరీ రక్షణ గల మెమరీ లేకపోతే, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే కమిట్లు సెకనుకు సుమారు అన్నే జరుగుతాయి. ఒక కోటి రికార్డులున్న పట్టికను రికార్డుకొక కమిట్ చొప్పున ఎక్కిస్తే 83,333 సెకన్లు, అంటే సుమారు 23 గంటలు కేవలం ఈ ఎదురుచూపుకే పోతాయి. వెయ్యి రికార్డులకు ఒక కమిట్ చేస్తే కమిట్ల సంఖ్య 10,000కు తగ్గి, ఎదురుచూపు ఒకటిన్నర నిమిషం లోపే ముగుస్తుంది. రికార్డులు అవే, డిస్కు అదే. ఎస్‌ఎస్‌డీలపై ఈ తేడా ఇంత తీవ్రంగా ఉండదు గాని, అక్కడ కూడా ఉంటుంది.

ఇండెక్సుల నిర్మాణం

రిలేషనల్ డేటాబేసులలో ఎక్కువ ఇండెక్సులు బీ-ట్రీ అనే అమరికలో ఉంటాయి. ఇందులో విలువలు ఎల్లప్పుడూ వరుస క్రమంలో ఉండాలి. దీనిని నిర్మించే పద్ధతులు రెండు. ఒక నిఘంటుకర్త పదాల చీటీలను చేతికి వచ్చిన క్రమంలోనే తీసుకొని, ఒక్కొక్క పదాన్నీ పుస్తకంలో దాని స్థానం వెతికి, చోటు లేకపోతే పేజీని రెండుగా చీల్చి ఇరికించవచ్చు. లేదా చీటీలన్నిటినీ ముందు అకారాది క్రమంలో పేర్చుకొని, తరువాత మొదటి పేజీ నుండి చివరి పేజీ దాకా ఒక్క ఊపున రాసుకుంటూ పోవచ్చు.

ఇండెక్సు ముందే ఉన్న పట్టికలోకి రికార్డులను చేర్చడం మొదటి పద్ధతి. ఇండెక్సు మెమరీలో పట్టినంతవరకు ఇది బాగానే నడుస్తుంది. మెమరీని మించిన తరువాత ప్రతి చేర్పుకూ డిస్కులో ఎక్కడో ఉన్న పేజీని చదివి, మార్చి, తిరిగి రాయవలసి వస్తుంది. పునరుద్ధరణ మొదటి గంటలో చురుకుగా సాగి, పోనుపోను మందగించి, చివరకు నిలిచిపోయిందా అన్నట్లు కనిపించడానికి తరచు ఇదే కారణం. మొదటి పది శాతానికి పట్టిన కాలాన్ని పదితో హెచ్చవేసి మొత్తం కాలాన్ని ఊహించేవారు అందుకే మోసపోతారు. రికార్డులన్నీ చేర్చిన తరువాత ఇండెక్సును నిర్మించడం రెండవ పద్ధతి. ఇందులో పేజీలు నిండుగా, వరుసగా తయారవుతాయి, చీలికలు ఉండవు.

చిట్టాకు రెండవసారి రాయడం

పట్టికలోకి వెళ్ళే ప్రతి రికార్డూ చిట్టాలోకి కూడా వెళుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి తోడు బైనరీ చిట్టా అనే మరొకటి ఉంటుంది. ఇన్నోడీబీ పట్టికలలోనైతే పాక్షికంగా రాయబడిన పేజీల నుండి రక్షణ కోసం ప్రతి పేజీనీ రెండుసార్లు రాస్తారు. మామూలు రోజులలో ఈ జాగ్రత్తలన్నీ అవసరమే. ఖాళీ డేటాబేసును నింపుతున్నప్పుడు మాత్రం వాటి విలువ తక్కువ. మధ్యలో ఏదైనా జరిగితే బ్యాకప్పు ఎలాగూ చేతిలో ఉంది, మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

ఒకే దారిన నడవడం

ఆజ్ఞల ఫైలును పైనుండి కిందికి చదువుకుంటూ పోయే పునరుద్ధరణ ఒకే కనెక్షనుపై, దాదాపుగా ఒకే ప్రాసెసరుపై నడుస్తుంది. సర్వరులో 32 ప్రాసెసర్లున్నా 31 ఖాళీగా ఉంటాయి. కుదించిన ఫైలును విప్పడం కూడా ఇదే వరుసలో జరిగితే అది మరొక అడ్డంకి అవుతుంది. జీజిప్ విప్పడం ఒకే దారిన సాగే పని. ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ అనే కొత్త పద్ధతులు దానికంటే చాలా వేగంగా విప్పుకుంటాయి.

మైఎస్‌క్యూఎల్‌లో

మైఎస్‌క్యూఎల్‌డంప్ తయారుచేసే ఫైలులో పట్టికను సృష్టించే ఆజ్ఞలోనే ఇండెక్సులు కూడా చేరి ఉంటాయి. అంటే పైన చెప్పిన మొదటి పద్ధతే నడుస్తుంది. ఫైలులో ప్రతి పట్టిక రికార్డులకు ముందు ఇండెక్సులను తాత్కాలికంగా నిలిపివేయమనే ఒక పంక్తి కనిపిస్తుంది. దానిని చూసి ఈ సమస్య తీరిందని భావించడం సహజం. కాని ఆ ఆజ్ఞ పాతదైన మైఐసామ్ పట్టికలపై మాత్రమే పనిచేస్తుంది. 2010లో విడుదలైన 5.5 కూర్పు నుండి డిఫాల్టుగా ఉన్న ఇన్నోడీబీ పట్టికలపై దానికి ఏ ప్రభావమూ లేదు.

తెలుగు వికీపీడియా సమాచారంతో ఏదైనా ప్రయోగం చేయదలచిన విద్యార్థులు ఈ విషయాన్ని స్వయంగా చూడవచ్చు. వికీమీడియా ఫౌండేషన్ అన్ని భాషల వికీపీడియాల డంపులనూ ఉచితంగా అందిస్తుంది. వ్యాసాల పాఠ్యం ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపంలోను, లింకులు, వర్గాల వంటి పట్టికలు మైఎస్‌క్యూఎల్‌డంప్ రూపంలోను ఉంటాయి. ఆ ఫైళ్ళలో ఇండెక్సులు పట్టిక నిర్మాణంలోనే ఉంటాయి, పైన చెప్పిన పనిచేయని పంక్తి కూడా ఉంటుంది. తెలుగు డంపు చిన్నదే కనుక మామూలు కంప్యూటరుపై కూడా ఎక్కుతుంది. ఆంగ్ల వికీపీడియా లింకుల పట్టికను అదే కంప్యూటరుపై అదే విధంగా ఎక్కించబోతే పరిమాణంలోని తేడా కంటే కాలంలోని తేడా చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఇండెక్సు మెమరీని దాటిపోవడమే దీనికి కారణం.

ఈ సమస్యకు మొదటి విరుగుడు ఇన్నోడీబీ బఫర్ పూల్‌ను పెంచడం. దీని డిఫాల్టు పరిమాణం 128 మెగాబైట్లు మాత్రమే. ఆ సర్వరుపై వేరే పనులేవీ లేకపోతే మొత్తం మెమరీలో సగం నుండి మూడు వంతుల దాకా దీనికి కేటాయించవచ్చు. చేయవలసిన మార్పులలో ఒక్కదానికే వీలున్నదంటే చేయవలసినది ఇదే. రీడూ చిట్టా పరిమాణాన్ని కూడా కొన్ని గిగాబైట్లకు పెంచాలి. అది చిన్నదైతే త్వరగా నిండిపోయి, మెమరీలోని పేజీలను హడావుడిగా డిస్కుకు పంపవలసి వస్తుంది.

కమిట్ సమయంలో చిట్టాను డిస్కుకు పంపే పద్ధతిని నియంత్రించే అమరిక డిఫాల్టు విలువ 1. పునరుద్ధరణ కాలంలో దానిని 2గా గాని 0గా గాని మార్చితే డిస్కుకు పంపడం కమిట్‌కొకసారి కాక సుమారు సెకనుకొకసారి జరుగుతుంది. పునరుద్ధరిస్తున్న కనెక్షనుకు బైనరీ చిట్టాను ఆపివేయడం మరొక మంచి పొదుపు. అయితే ఆ సర్వరు నుండి నకలు తీసుకొనే ఇతర సర్వర్లు ఉంటే వాటికి ఈ సమాచారం చేరదన్నది గుర్తుంచుకోవాలి. ఏక విలువల తనిఖీ, ఫారిన్ కీ తనిఖీలను ఆపివేసే ఆజ్ఞలు మైఎస్‌క్యూఎల్‌డంప్ ఫైలు మొదట్లోనే ఉంటాయి. ఫారిన్ కీ తనిఖీని తిరిగి ప్రారంభించినప్పుడు, అది ఆగి ఉన్న కాలంలో చేరిన రికార్డులను మైఎస్‌క్యూఎల్ వెనక్కి వెళ్ళి పరీక్షించదు. బ్యాకప్పులో లోపముంటే అది మౌనంగా లోపలికి వచ్చేస్తుంది.

2020లో వచ్చిన 8.0.21 కూర్పులో రీడూ చిట్టాను పూర్తిగా ఆపివేసే ఆజ్ఞను చేర్చారు. ఇది కొత్త సర్వరును నింపడానికి ఉద్దేశించినది. ఆ స్థితిలో సర్వరు హఠాత్తుగా ఆగిపోతే మొత్తం డేటాబేసును పారవేసి మొదటినుండి ప్రారంభించవలసినదే. ఈ ఆజ్ఞ సర్వరు మొత్తానికి వర్తిస్తుంది కనుక, నడుస్తున్న వేరే డేటాబేసులు అదే సర్వరుపై ఉంటే దీని జోలికి పోకూడదు.

అదే కూర్పుతో మైఎస్‌క్యూఎల్ షెల్‌లో సమాంతర డంపు, లోడు సౌకర్యాలు వచ్చాయి. ఇది పెద్ద పట్టికలను ముక్కలుగా చేసి, ఒకేసారి అనేక కనెక్షన్లపై ఎక్కిస్తుంది. కోరితే ఇండెక్సులను రికార్డులు చేరిన తరువాతనే నిర్మిస్తుంది. అంతకుముందు నుండి ఉన్న మైడంపర్, మైలోడర్ అనే స్వేచ్ఛా ఉపకరణాల జంట కూడా సమాంతరంగా పనిచేస్తుంది. పెద్ద డేటాబేసు ఉన్నవారు మైఎస్‌క్యూఎల్‌డంప్‌ను విడిచి వీటికి మారితే, పై అమరికలన్నిటితో కుస్తీ పట్టడం కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. అయితే ఈ మార్పు బ్యాకప్పు తీసేటప్పుడే జరగాలి. చేతిలో ఒకే పెద్ద ఆజ్ఞల ఫైలు ఉన్నప్పుడు దానిని పట్టికల వారీగా చీల్చుకోవడమే మిగిలే మార్గం.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో

పీజీ డంప్ మొదటినుండి మెరుగైన క్రమాన్ని పాటిస్తుంది. పట్టికల నిర్మాణం మొదట, రికార్డులు తరువాత, ఇండెక్సులు మరియు నిబంధనలు చివర వస్తాయి. రికార్డులను కూడా ఒక్కొక్కటిగా కాక కాపీ అనే ఆజ్ఞతో పెద్దమొత్తంలో ఎక్కిస్తుంది. ఇతర డేటాబేసులలోకి కూడా ఎక్కించుకోవచ్చునన్న ఆశతో ఇన్సర్ట్ ఆజ్ఞల రూపాన్ని ఎంచుకుంటే ఈ లాభం పోతుంది.

ఇక్కడ ముఖ్యమైన నిర్ణయం ఫైలు రూపం. సాదా పాఠ్య రూపంలో తీసిన బ్యాకప్పును పీఎస్‌క్యూఎల్ ద్వారా ఒకే కనెక్షనుపై నడపడం తప్ప వేరే దారి లేదు. కస్టమ్ రూపంలో గాని డైరెక్టరీ రూపంలో గాని తీస్తే పీజీ రిస్టోర్ దానిని అనేక కనెక్షన్లపై సమాంతరంగా ఎక్కించగలదు. ఈ సౌకర్యం 2009లో విడుదలైన 8.4 కూర్పు నుండి ఉంది. బ్యాకప్పును కూడా సమాంతరంగా తీయడం 2013లోని 9.3 కూర్పుతో వచ్చింది, అది డైరెక్టరీ రూపానికి మాత్రమే వర్తిస్తుంది. కనుక పెద్ద డేటాబేసులకు డైరెక్టరీ రూపమే తగినది.

సమాంతర పునరుద్ధరణలో ఒక్కొక్క పట్టిక రికార్డులు, ఒక్కొక్క ఇండెక్సు విడివిడి పనులుగా పంచబడతాయి. ఒకే పట్టిక రికార్డులను ఇద్దరు పనివారు పంచుకోలేరు. డేటాబేసులో సగభాగం ఒకే పట్టికలో ఉంటే ఎన్ని కనెక్షన్లు పెట్టినా రికార్డులు ఎక్కించే కాలం సగానికంటే తగ్గదు. సమాంతరత వల్ల వచ్చే లాభానికి గల ఈ హద్దును 1967లో జీన్ ఆండాల్ చెప్పిన సూత్రం వివరిస్తుంది. పెద్ద పట్టికను నెలల వారీగానో సంవత్సరాల వారీగానో భాగాలుగా విభజించి ఉంచుకుంటే ఒక్కొక్క భాగమూ వేరే పట్టికగా లెక్కకు వచ్చి, ఈ హద్దు తొలగుతుంది. కనెక్షన్ల సంఖ్య ఎంత ఉండాలన్నదానికి స్థిరమైన నియమం లేదు. ప్రాసెసర్ల సంఖ్యతో మొదలుపెట్టి, డిస్కు తట్టుకొనేదాన్నిబట్టి మార్చుకోవాలి. పాతరకపు హార్డుడిస్కు ఒక్కటే ఉన్నచోట కనెక్షన్లను పెంచితే వేగం తగ్గడం కూడా కద్దు.

అమరికలలో మొదటిది ఇండెక్సుల నిర్మాణానికి వాడే మెయింటెనెన్స్ వర్క్ మెమరీ. దీని డిఫాల్టు విలువ 64 మెగాబైట్లు. దీనిని 1 లేదా 2 గిగాబైట్లకు పెంచితే చీటీలను పేర్చే పని చాలావరకు మెమరీలోనే ముగుస్తుంది. అయితే అది ఒక్కొక్క నిర్మాణానికి వేరుగా ఖర్చయ్యే మెమరీ. 8 కనెక్షన్లు, ఒక్కొక్కదానికి 2 గిగాబైట్లు అంటే 16 గిగాబైట్ల మెమరీ నిజంగా ఉండాలి. 2018లో వచ్చిన 11వ కూర్పు నుండి ఒకే బీ-ట్రీ ఇండెక్సును కూడా అనేక ప్రాసెసర్లు కలిసి నిర్మించగలవు. పట్టిక ఒకటే పెద్దదిగా ఉన్నప్పుడు ఇది మంచి ఊరట.

రెండవది చిట్టా గరిష్ఠ పరిమాణం. డిఫాల్టుగా ఇది 1 గిగాబైటు. పునరుద్ధరణలో చిట్టా ఈ పరిమాణాన్ని నిమిషాలలో దాటిపోయి, మాటిమాటికీ చెక్‌పాయింట్లు జరుగుతాయి. ఇవి మరీ దగ్గరదగ్గరగా జరుగుతున్నాయని సర్వరు తన సందేశాలలో ఫిర్యాదు చేస్తుంది కూడా. చిట్టాను భద్రపరచడం, ఇతర సర్వర్లకు పంపడం అనే రెండు పనులనూ తాత్కాలికంగా ఆపి, చిట్టా స్థాయిని కనిష్ఠానికి తగ్గిస్తే మరొక లాభముంది. పట్టిక సృష్టి గాని ఖాళీ చేయడం గాని జరిగిన లావాదేవీలోనే కాపీ ఆజ్ఞ కూడా నడిస్తే, ఆ రికార్డులు చిట్టాలోకి వెళ్ళవు.

ఎఫ్‌సింక్ అనే అమరికను ఆపివేయమనే సలహా తరచు వినబడుతుంది. దీనివలన వేగం పెరిగే మాట నిజమే. కాని ఆ సమయంలో సర్వరు యంత్రం ఆగిపోతే ఆ సర్వరుపై ఉన్న డేటాబేసులన్నీ సరిదిద్దలేనంతగా పాడుకావచ్చు, పాడయిన సంగతి వెంటనే తెలియకపోవచ్చు కూడా. కొత్తగా ఏర్పరచిన ఖాళీ సర్వరుపై తప్ప దీనిని వాడరాదు, పని పూర్తికాగానే తిరిగి ప్రారంభించాలి.

భౌతిక బ్యాకప్పు, చిట్టా నడపడం

భౌతిక బ్యాకప్పుకు ఇండెక్సుల బాధ లేదు గాని, దాని ఆలస్యం వేరొకచోట దాగి ఉంటుంది. ఆదివారం తీసిన బ్యాకప్పును శనివారం పునరుద్ధరిస్తే, మధ్యలోని ఆరు రోజుల చిట్టాను కూడా నడిపించాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఆ ఆరు రోజులలో అనేక కనెక్షన్లు కలిసి చేసిన మార్పులను పునరుద్ధరణలో ఒకే ప్రాసెస్ వరుసగా చేయాలి. రాబోయే పేజీలను ముందుగానే చదివి ఉంచుకొనే ఏర్పాటు 2022లోని 15వ కూర్పుతో వచ్చిన తరువాత ఇది కొంత మెరుగైనది. అయినప్పటికీ మార్పులు ఎక్కువగా జరిగే డేటాబేసులో ఫైళ్ళ నకలుకు గంట, చిట్టా నడపడానికి పది గంటలు పట్టడం అసాధ్యమేమీ కాదు. పూర్తి బ్యాకప్పులను తరచుగా తీయడమే దీనికి సరైన మందు. అంతరాల బ్యాకప్పులు కూడా ఉపయోగపడతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో స్వతహాగా ఈ సౌకర్యం 2024లో విడుదలైన 17వ కూర్పుతో వచ్చింది.

పీజీ బ్యాక్‌రెస్ట్ అనే ఉపకరణం నకలును సమాంతరంగా చేయడమే గాక, పాత ఫైళ్ళు ఇంకా మిగిలి ఉంటే వాటిలో మారినవాటిని మాత్రమే తిరిగి తెస్తుంది. మైఎస్‌క్యూఎల్‌కు ఇటువంటి అవసరాన్ని పెర్కోనా ఎక్స్‌ట్రాబ్యాకప్ తీరుస్తుంది. ఇందులో బ్యాకప్పుకు చిట్టాను వర్తింపజేసే ఘట్టం వేరుగా ఉంటుంది. దానిని పునరుద్ధరణ రోజుదాకా ఉంచకుండా, బ్యాకప్పు తీసిన వెంటనే ముగించి సిద్ధంగా పెట్టుకోవచ్చు.

ఇతర డేటాబేసులలో

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వరు బ్యాకప్పు భౌతికమైనదే. పునరుద్ధరణకు ముందు అది డేటా ఫైళ్ళ స్థలమంతా సున్నాలతో నింపుతుంది. 2005 కూర్పు నుండి ఉన్న తక్షణ ఫైలు సౌకర్యాన్ని అనుమతిస్తే ఈ పని తప్పుతుంది. ఈ ఒక్క అనుమతి లేకపోవడం వల్ల పెద్ద డేటాబేసుల పునరుద్ధరణ ఒక శాతం కూడా కదలకుండా చాలాసేపు ఉండిపోవడం కద్దు. బ్యాకప్పును అనేక ఫైళ్ళుగా, వేర్వేరు డిస్కులపై చీల్చి రాయడం కూడా ఇక్కడ వాడుకలో ఉంది. ఒరాకిల్‌లో ఆర్‌మాన్ అనే ఉపకరణం అనేక చానళ్ళపై సమాంతరంగా పనిచేస్తుంది. డేటా ఫైళ్ళ నకలును డిస్కుపై ఉంచి రోజూ తాజా చేసుకుంటూ ఉంటే, అవసరమైన రోజున నకలు చేయకుండానే డేటాబేసును ఆ ఫైళ్ళ వైపుకు మళ్ళించే వీలు కూడా ఇందులో ఉంది.

గిట్‌ల్యాబ్ ఘటన

పునరుద్ధరణ వేగం ఎక్కడ దెబ్బతింటుందో తెలిపే ఉదాహరణలలో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సేవలో జరిగిన ఘటన ప్రసిద్ధమైనది. ఆ సంస్థ తన లోపాలను దాచకుండా వివరంగా ప్రకటించినందువలన ఇది పాఠ్యాంశంగా నిలిచింది. వారి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేసుకు ఒక ప్రధాన సర్వరు, ఒక అనుబంధ సర్వరు ఉండేవి. అనుబంధ సర్వరు వెనకబడిపోవడంతో, దానిలోని సమాచారాన్ని తొలగించి కొత్తగా నింపాలని ఒక ఇంజనీరు పూనుకున్నారు. తొలగించే ఆజ్ఞ పొరపాటున ప్రధాన సర్వరుపై నడిచింది. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి.

రోజూ తీస్తున్నామనుకున్న పీజీ డంప్ బ్యాకప్పులు అసలు లేవని అప్పుడు తెలిసింది. సర్వరు 9.6 కూర్పుది కాగా, బ్యాకప్పు కోసం 9.2 కూర్పు ఉపకరణం నడిచి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది. ఆ వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్ళు తిరస్కరింపబడడంతో ఎవరికీ చేరలేదు. చివరకు, ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు చేతితో తీసిన డిస్కు స్నాప్‌షాట్ దిక్కైంది. అది పరీక్షల కోసం పెట్టుకున్న చవకరకపు నిల్వపై ఉంది. అక్కడ డిస్కు వేగం సెకనుకు సుమారు 60 మెగాబిట్లు. ఆ వేగంతో 300 గిగాబైట్లకు 11 గంటలు పడుతుందని ఎవరైనా లెక్కకట్టవచ్చు. ప్రాసెసరు, నెట్‌వర్కు ఖాళీగానే ఉన్నా చేయగలిగినదేమీ లేకపోయింది. సేవ తిరిగి అందుబాటులోకి రావడానికి సుమారు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల వ్యవధిలో వాడుకరులు డేటాబేసులో చేసిన మార్పులు తిరిగి రాలేదు. పోయిన వాటిలో సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలకు సంబంధించిన సమాచారం ఉంది.

ఇక్కడ ఏ అమరికను మార్చినా పునరుద్ధరణ వేగం పెరిగేది కాదు. బ్యాకప్పు ఎటువంటి నిల్వపై ఉందన్నదే దానిని నిర్ణయించింది.

పునరుద్ధరణ తరువాత

చివరి రికార్డు చేరడంతో పని ముగియదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో తార్కిక బ్యాకప్పును ఎక్కించిన తరువాత అనలైజ్ ఆజ్ఞను నడపాలి. పట్టికలలోని విలువల తీరును తెలిపే గణాంకాలు లేనిదే డేటాబేసు సరైన ఇండెక్సును ఎంచుకోలేదు. డేటాబేసు వచ్చిందని ప్రకటించిన మరుక్షణం సేవ నత్తనడక నడవడానికి ఇది సాధారణ కారణం. అతి తక్కువ గణాంకాలను ముందు సేకరించి, తరువాత మెరుగుపరచే దశలవారీ పద్ధతి 2014లోని 9.4 కూర్పు నుండి ఉంది. వేగం కోసం తాత్కాలికంగా మార్చిన అమరికలన్నిటినీ ఈ దశలోనే పూర్వస్థితికి తేవాలి. మార్చిన ప్రతిదాన్నీ ముందే ఒక కాగితంపై రాసి ఉంచుకోవడం ఉత్తమం, పని ముగిసేసరికి తెల్లవారిపోయి ఉండవచ్చు.

వీటన్నిటి ఫలితాన్ని ముందుగా తెలుసుకోవడానికి అసలు బ్యాకప్పును వేరే సర్వరుపై పూర్తిగా పునరుద్ధరించి కాలాన్ని కొలవడం ఒక్కటే నమ్మదగిన మార్గం. చిన్న నమూనాపై కొలిచి హెచ్చవేస్తే, ఇండెక్సులు మెమరీని దాటే ఘట్టం ఆ నమూనాలో రాదు. బ్యాకప్పును దూరపు నిల్వ నుండి తెచ్చుకొనే సమయాన్ని, విప్పే సమయాన్ని, తనిఖీ సమయాన్ని కూడా ఈ లెక్కలో చేర్చాలి. డేటాబేసు పెరుగుతూ ఉంటుంది కనుక గత సంవత్సరపు కొలత ఈ సంవత్సరానికి చెల్లదు.

కొత్తగా లేచిన సర్వరులో మెమరీ ఖాళీగా ఉంటుంది కనుక మొదటి ప్రశ్నలన్నీ డిస్కుకే వెళతాయి. తరచు వాడే పట్టికలను ముందుగా మెమరీలోకి చదివించడానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీ ప్రీవార్మ్ అనే అనుబంధం ఉంది. అమెజాన్ క్లౌడులో స్నాప్‌షాట్ నుండి సృష్టించిన డిస్కు విషయంలో ఇది మరింత ముఖ్యం. ఆ డిస్కు నిమిషాలలో సిద్ధమైనట్లు కనిపించినా, అందులోని ఒక్కొక్క భాగమూ మొదటిసారి చదివినప్పుడు మాత్రమే దూరపు నిల్వ నుండి దిగుతుంది. దీనిని తప్పించే ప్రత్యేక సౌకర్యాన్ని ఆ సంస్థ 2019లో అదనపు రుసుముపై ప్రవేశపెట్టింది. అది తీసుకోనివారు డిస్కు మొత్తాన్ని మొదటినుండి చివరిదాకా ఒకసారి చదివించి, తరువాత సేవను ప్రారంభిస్తారు.